ముందే చూసిన రేట్లు

మా తిరువూరులో మగవాళ్ళు రిటైరయ్యాక రెండు పనుల్లో ఒకటి ఎంచుకుంటారు. ఒకటి, రెడ్డిగూడెం వైపు మామిడి తోట కౌలుకు తీసుకుని, పూత రాలినప్పుడల్లా ఆకాశాన్ని తిట్టుకుంటూ కూర్చోవడం. రెండోది, చర్చిలో సంఘ పెద్దగా నిలబడి, ముందు మైకు కొనాలా జెనరేటర్ కొనాలా అని సాటి పెద్దలతో తగువు పెట్టుకోవడం. నాకు తోటల సంగతి తెలియదు. తగువులు ఇంట్లోనే సరిపడా ఉన్నాయి. అందుకని షేర్ల వ్యాపారం పట్టుకున్నాను. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి కదా, అంకెలు నా మాట వింటాయనే పొగరొకటి ఉండేది.

అవి వినలేదు. పెట్టింది చిన్న మొత్తమే కాబట్టి ఇల్లు గడవడానికి ఇబ్బంది రాలేదు, పరువుకు వచ్చింది. దెబ్బ తగిలినప్పుడల్లా ఫోన్‌ని తిట్టేవాణ్ణి. రేటు ఆలస్యంగా వచ్చిందనీ, లేకపోతే ఎప్పుడో అమ్మేసేవాణ్ణనీ కేకలు వేసేవాణ్ణి. నా భార్య ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి నాకంటే ముందే రిటైరైంది. బెండకాయలు తరుగుతూ తలెత్తకుండానే, "ఆడలేక మద్దెల ఓడంటారు. మీలాంటోళ్ళని చూసే పుట్టించుంటారు మాస్టారూ ఆ సామెత" అనేది.

కానీ మద్దెలలోనూ లోపం ఉంది. మా ఇల్లు ఊరికి చివర, తెలంగాణ వైపు పోయే రోడ్డు మీద ఉంది. సిగ్నల్ గాలివాటంగా వచ్చి పోతుంది. నేను కనిపెట్టుకుని ఉండే షేరు ఒకటుంది. గానుగెద్దులాగా ఏళ్ల తరబడి ఒకే చోట తిరిగే షేరు అది, పైకీ పోదు, కిందికీ పడదు. ఆ కాస్త కదలికలోనే కొని అమ్ముకోవడం నా పద్ధతి. ఒక మధ్యాహ్నం దాని రేటు చాలాసేపు కదలకుండా నిలబడింది. మార్కెట్ నెమ్మదిగా ఉంది కాబోలు అనుకుని, కాళ్ళు బార్లా చాపుకుని కూర్చున్నాను. ఉన్నట్టుండి అంకె ఒక్క గెంతు గెంతింది. అప్పుడు అర్థమైంది, ఆగింది మార్కెట్ కాదు, నా ఫోను. అక్కడ వందలమంది కొంటూ అమ్ముతూనే ఉన్నారు. నేను మాత్రం ఎప్పుడో అయిపోయిన క్షణాన్ని ముందు పెట్టుకుని, అదే ఇప్పుడనుకుని కూర్చున్నాను. చేపల బజారులో చచ్చిన చేప కూడా కళ్ళు తెరుచుకునే ఉంటుంది. బతికుందని నమ్మితే పొరపాటు మనదే.

అలా జరిగినప్పుడు మామూలుగా మనిషికి కోపం రావాలి. నాకు భయం వేసింది. దానికి కారణం మా నాన్న.

మా నాన్న వినగడపలో ఎలిమెంటరీ స్కూలు పంతులు. చివరి రోజుల్లో మా దగ్గరే ఉన్నాడు. ఆయనకు వచ్చింది మతిమరుపు కాదు. మతిమరుపైతే చూసేవాళ్ళకు జాలి కలుగుతుంది. మా నాన్నకు అంతా గుర్తుండేది, జరగనివి కూడా. పొద్దున్నే పేపరు చేతికిస్తే, "ఇది నిన్ననే చదివా" అని మడిచి ఇచ్చేసేవాడు. తేదీ చూపిస్తే, "తేదీ మార్చి పాతదే అచ్చేస్తున్నారు దొంగ వెధవలు" అనేవాడు. ఆ క్షణాన జరుగుతున్న క్రికెట్ ఆట టీవీలో పెడితే, చూసేసిన ఆట మళ్ళీ పెట్టారని అటు తిరిగి పడుకునేవాడు. మొట్టమొదటిసారి మా గడప తొక్కిన మనిషిని, "మొన్న వచ్చి పోయావుగా, మళ్ళీ ఏం పని?" అని గుమ్మంలోనే నిలేసేవాడు. మంచం దిగలేని రోజుల్లో పాస్టరు గారు ప్రభు సంస్కారం ఇవ్వడానికి రొట్టె, ద్రాక్షారసం పట్టుకుని ఇంటికే వచ్చారు. "ఇందాకే తీసుకున్నానండి. ఒకే పూట రెండుసార్లు తీసుకోవడం పాపం" అని మా నాన్న పెదవులు బిగించుకున్నాడు. ఎంత బతిమాలినా విప్పలేదు. పోయేదాకా ఆ రొట్టె ముక్క ఆయన నోటికి అందలేదు. రోజూ రొట్టె తిన్నానన్న తృప్తితోనే పోయాడు. నాకు ఇప్పటికీ అదే అన్నిటికన్నా భయంకరంగా అనిపిస్తుంది.

కొన్ని ఇళ్లలో ఈ జబ్బు తండ్రి నుంచి బిడ్డకు రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. నా భార్య ఆ మాట విననట్టు మందుల చీటీ చూస్తూ నిలబడింది. నేను విన్నాను. నాన్న పోయినప్పటినుంచి రోజూ గడ్డం గీసుకుంటూ పందొమ్మిదో ఎక్కం అప్పజెప్పుకుంటాను. ఒక్కరోజూ తప్పలేదు. ఎక్కం తప్పనంతకాలం నా బుర్రకు ఢోకా లేదని నా లెక్క. మర్చిపోవడం ఎటునుంచి వస్తుందా అని కాపలా కాశాను. మా నాన్న ఏదీ మర్చిపోలేదన్న సంగతి, ఇంత చదువు చదివీ, నా తలకెక్కలేదు.

ఇక ఫోన్ని నమ్మి లాభం లేదని, రేట్లు ఎప్పటికప్పుడు చేరవేసే గట్టి లైను కోసం వెతికాను. పోను పోను తెలిసిందేమిటంటే, ఫోన్లో ఊరికే వచ్చే రేట్లు అన్నీ రావు, మధ్యమధ్యలో కొన్ని వదిలేసి వస్తాయి. నెలనెలా చందా కట్టించుకుని ప్రతి కొనుగోలునీ అమ్మకాన్నీ ఉన్నదున్నట్టు పంపే సర్వీసులు వేరే ఉన్నాయి. వాటికి కంప్యూటరు, తీగ ద్వారా వచ్చే ఇంటర్‌నెట్టు కావాలి. విజయవాడలో కంప్యూటర్ల షాపు నడిపే ఒకాయన అలాంటి సర్వీసు ఇప్పిస్తాడని తెలిసి ఫోన్ చేశాను. మామూలు రోజుల్లో షాపు వదలలేడు కాబట్టి ఆదివారం వస్తానన్నాడు.

"ఆదివారమా? ఆరాధన అయ్యేదాకా గడప తొక్కనివ్వను" అంది నా భార్య.

అతను పాపం ఆరాధన అయి, మా భోజనాలు కూడా అయ్యాకే వచ్చాడు. నలభై లోపు మనిషి, మాట మంచిది. మా ముందుగదిలో కంప్యూటరు పెట్టి, తీగలు కలిపి, "సార్, ఇక ఫోను సంగతి మర్చిపోండి. అక్కడ ఎవరన్నా ఒక్క షేరు కొన్నాడనుకోండి, మీరు కన్ను మూసి తెరిచేలోగా ఇక్కడ కనపడుద్ది" అన్నాడు. ఆదివారం మార్కెట్ ఉండదు. బొమ్మ వేయకుండా టీవీ అమ్మితే ఎవరు కొంటారు? అందుకని ఏదో నొక్కి అంకెల్ని పరుగెత్తించాడు. ఎరుపూ ఆకుపచ్చా రంగుల్లో తెర మీద అంకెలు చీమల్లాగా కదలడం మొదలుపెట్టాయి.

"ఆదివారం కూడా కొంటారేంటండీ జనం?" అని నా భార్య గుమ్మంలోంచి అడిగింది.

"లేదమ్మా, పాతదొకటి ఆడిస్తున్నా, మీకు చూపిద్దామని" అన్నాడతను. ఐదు నిమిషాలు చూపించి, తెర ఆపేసి, బస్సు టైమైందని వెళ్ళిపోయాడు.

సోమవారం పొద్దున ఎడమ పక్క ఫోను, కుడి పక్క కంప్యూటరు పెట్టుకుని కూర్చున్నాను. ఒక వారం పాటు ఏమీ కొనకూడదు, అమ్మకూడదు, రెండిటినీ పోల్చి చూడాలి, ఏది నమ్మకమైనదో తేల్చుకున్నాకే పని మొదలుపెట్టాలి అని ఒట్టు పెట్టుకున్నాను. నా భార్య ఎవరికో ఒంట్లో బాగాలేదని స్త్రీల సమాజం వాళ్ళతో కలిసి ప్రార్థనకు వెళ్ళింది. ఎండలు ముదురుతున్న రోజులు. కరెంటు పోయింది, ఇన్వర్టర్ మీద ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోంది. వీధిలో చప్పుడు లేదు. మార్కెట్ మొదలయ్యే వేళకి తెర వెలిగించాను.

మొదటి అంకె వచ్చింది. "అవును" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. రెండో అంకె వచ్చింది. అవును, ఇదే. మూడోది వచ్చింది. ఇదీ నాకు తెలుసు. బజార్లో ఎదురైన మనిషి ముఖం చూడగానే పాత శిష్యుడని తెలిసిపోతుందే, అలా తెలిసిపోతోంది. పేరు గుర్తురాదు గానీ ముఖం తెలుసు. తెర మీద దిగే ప్రతి అంకే అలా తెలిసిన ముఖంతోనే దిగుతోంది. కాస్త పైకి పోవడం తెలుసు, పైకి పోయి తటపటాయించడం తెలుసు, తిరిగి మెట్టు దిగడం తెలుసు. వాటి కోసం నాలో ఎవరో ముందే పీటలు వేసి ఉంచినట్టు, ఒక్కొక్కటీ వచ్చి తన పీట మీద తను కూర్చుంటోంది.

ఫోన్లో అదే షేరు ఇంకో రేటు చూపిస్తోంది. తేడా పెద్దదేం కాదు. ఫోను ఎప్పుడూ వెనకబడేదే కదా అని దాన్ని పట్టించుకోలేదు.

ఉన్నమాట చెప్పాలంటే మొదట సంతోషం వేసింది. సంతోషం కూడా కాదు, గర్వం. ఇన్నాళ్లకు అంకెలు నా మాట వింటున్నాయి అనుకున్నాను. మా సంఘంలో కొందరికి ప్రవచన వరం ఉందంటారు, నాకు షేర్ల ప్రవచనం వచ్చిందా ఏమిటి అని నాలో నేనే నవ్వుకున్నాను. రేపటినుంచి దీంతో ఏమేం చేయొచ్చో ఆలోచించాను. టీ పెట్టుకుని తాగాను. కప్పు పట్టుకుని వచ్చి మళ్ళీ కూర్చున్నాను. ఇంకో అంకె పడింది.

"చూసేశా" అన్నాను పైకే.

ఆ మాట గదిలో వినబడ్డాక చెయ్యి ఆగిపోయింది. ఆ మాట తీరు నాది కాదు. విసుగ్గా, ముక్కుతో, చివర్న కాస్త ఈసడింపుగా అనే ఆ తీరు మా నాన్నది. పేపరు మడిచి వెనక్కి ఇచ్చేటప్పుడు ఆయన గొంతు సరిగ్గా అలాగే ఉండేది.

మిట్టమధ్యాహ్నం కావస్తోంది. కిటికీలోంచి ఎండ నేల మీద పడి మెరుస్తోంది. ఎదురింటావిడ వడియాలు ఎండబెట్టి కాకుల్ని అదిలిస్తోంది. భయపడాల్సిన వేళ కాదు, భయపడాల్సిన చోటూ కాదు. అయినా భయం వేసింది. పందొమ్మిదో ఎక్కం చదివాను. తప్పలేదు. పదిహేడోది చదివాను. అదీ తప్పలేదు. కళ్ళు మూసుకుని ఎక్కం చదువుతుంటే ధైర్యంగా ఉండేది, కళ్ళు తెరవగానే తెర మీద మరో తెలిసిన అంకె నాకోసం కాచుకుని ఉండేది. కుర్చీలోంచి లేచి కంప్యూటరుకి వీపు పెట్టి నిలబడ్డాను. ముందుకు తిరిగి ఉంటే రేట్లు, వెనక్కి తిరిగితే గోడ మీద నాన్న ఫోటో. ఎటు చూడాలో తెలియక కాసేపు నా కాళ్ళ వంకే చూసుకున్నాను.

అప్పుడు తట్టింది. ఇద్దరు సాక్షులు చెరో మాట చెప్తుంటే మూడో సాక్షిని పిలవాలి. నాతోపాటు సోషల్ చెప్పి రిటైరై విజయవాడలో స్థిరపడిన మిత్రుడొకడు ఉన్నాడు. వాడు రోజూ ఒక షేర్ బ్రోకరు ఆఫీసుకి వెళ్లి, ఏసీ కోసం సాయంత్రం దాకా కూర్చుంటాడు. వాడికి ఫోన్ చేసి, మా గానుగెద్దు షేరు రేటు ఎంతుందో వరసగా చదవమన్నాను.

"మిట్టమధ్యాహ్నం నాతో ఈ హాజరు పట్టీ ఏంట్రా?" అని విసుక్కుంటూనే వాడు హాజరు పిలిచినట్టు చదివాడు. ఒక అంకె, ఆగి ఇంకో అంకె. వాడు చదివినవన్నీ ఫోన్లో కనిపిస్తున్నవే. కంప్యూటర్లో ఉన్నది ఒక్కటీ లేదు.

"నా కంప్యూటర్లో వేరేగా వస్తున్నాయిరా" అన్నాను.

"ఎవడో చేతబడి చేసుంటాడు. నిమ్మకాయ కట్టు" అని ఫోన్ పెట్టేశాడు.

వెంటనే షాపతనికి ఫోన్ చేశాను. అతను విషయం వినగానే కంగారుపడ్డాడు. "అయ్యో సార్! నిన్న మీకు చూపించిన రికార్డింగే నడుస్తా ఉందండి. నేనే లైవులోకి మార్చకుండా తెర ఆపేసి వచ్చేశా. పైన ఎడం పక్క మూలన చిన్నగా రాసుంటది చూడండి." చూశాను. రీప్లే అని చీమ తలకాయంత అక్షరాలు ఉన్నాయి. ప్రశ్న పూర్తిగా చదవకుండా జవాబు రాశారని పిల్లల వేళ్ళ మీద స్కేలుతో కొట్టినవాణ్ణి నేను.

ఎంత నవ్వానో చెప్పలేను. పగలబడి, ఒక్కణ్ణే, ఖాళీ ఇంట్లో నవ్వాను. లెక్క తేలిపోయింది. శుక్రవారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫోను ముందు కూర్చుని ఆ షేరునే చూశాను. కంప్యూటర్లో ఆడేది ఆ శుక్రవారమే అయి ఉంటుంది. చూసిన అంకెల్నే మళ్ళీ చూస్తే తెలిసినట్టు ఉండక ఇంకెలా ఉంటుంది? ఇది జబ్బు కాదు, జ్ఞాపకశక్తి. ఈ వయసులో ఇంత జ్ఞాపకశక్తి ఉన్నందుకు దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను.

నా భార్య ఇంటికి రాగానే జరిగిందంతా అభినయంతో సహా చెప్పాను. "కొండని తవ్వి ఎలకని పట్టారు" అని ఆమె కూడా నవ్వింది. అంకెలు ముందే తెలిసినట్టు అనిపించాయన్న చోట మాత్రం ఆమె నవ్వు ఒక్క క్షణం ఆగింది. "తెలిసినట్టుగా ఉందా?" అంది. శుక్రవారం సంగతి వివరించాను. సరేనని వంటింట్లోకి వెళ్ళింది. నేను ఆ పూట రెండో సారి అన్నం పెట్టించుకుని తిన్నాను. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో పాట కూడా నేనే ఎత్తుకున్నాను, అదీ శ్రుతి తప్పి.

మర్నాడు షాపతను తప్పు తనదేనని, షాపు మూసి, సొంత ఖర్చులతో మళ్ళీ బస్సెక్కి వచ్చాడు. మంచి మనిషి అన్నాను కదా. రికార్డింగు తీసేసి లైవు రేట్లు పెట్టి, ఫోనుతోనూ మా మిత్రుడి గొంతుతోనూ పోల్చి చూపించాడు. ఈసారి మూడూ కలిశాయి. నా భార్య మజ్జిగ గ్లాసు తెచ్చి అతనికిచ్చి అక్కడే నిలబడింది. నేను గొప్పలకు పోయాను.

"నీ పొరపాటు వల్ల ఒక మేలు జరిగిందయ్యా. శుక్రవారం మార్కెట్ మొత్తం నా బుర్రలో అచ్చు దిగిపోయి ఉందని తెలిసింది. ఒక్కో అంకె పడుతుంటే అవును, అవును అనుకుంటూ కూర్చున్నా."

అతను మజ్జిగ మింగి, "శుక్రవారంది కాదు సార్ అది" అన్నాడు. "చూపించడానికి మా దగ్గర ఒకటే రికార్డింగు ఉంటది. అందరికీ అదే ఆడిస్తాం."

"ఎప్పటిది బాబూ?" అని నా భార్య అడిగింది.

"పాతదమ్మా. నేను షాపు పెట్టిన కొత్తల్లోది. కరోనాకి ముందుది."

కరోనాకి ముందు నేను బడిలో త్రిభుజాలు గీస్తున్నాను. షేరంటే ఏమిటో తెలియదు. ఆ రోజు రేట్లు నేను చూసి ఉండే అవకాశం ఏ దారినా లేదు. ఆదివారం చూపించినప్పుడు చూశానుగా, అవే గుర్తుండి ఉంటాయి అన్నాను. నా గొంతు నాకే సన్నగా వినబడింది.

"అప్పుడు ఐదు నిమిషాలేగా సార్ చూపించింది! మీరు పొద్దున్నుంచీ చూశానంటున్నారు" అని అతను మామూలుగానే నవ్వి, సంచి సర్దుకుని బస్టాండుకి వెళ్ళిపోయాడు. తను ఏం చెప్పి వెళ్ళాడో అతనికి తెలియదు.

మేమిద్దరం ఆ గదిలో మిగిలాం. మార్కెట్ ఇంకా నడుస్తోంది, తెర మీద అంకెలు మారుతున్నాయి. నా భార్య ఆ గదిలో ఎప్పుడూ కూర్చోదు. ఆ రోజు స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది. కుడి అరచెయ్యి చాచి తెర మీద రేటు పడే చోట ఆనించి మూసేసింది.

"చెప్పండి. ఇప్పుడు దీని కింద ఏముంది?"

నోరు తెరిచాను. ఏమీ రాలేదు. లోపల తడిమి చూసుకున్నాను. ఒక అంకె కాదు కదా, అంకె నీడ కూడా లేదు. ఇంట్లో దీపం ఆరిపోతే గోడ పట్టుకుని నడుస్తాం కదా, నాకు ఆ గోడ కూడా చేతికి అందలేదు.

ఆమె చెయ్యి తీసింది. రేటు కనిపించింది.

"ఇదే" అన్నాను. అబద్ధం ఆడలేదు. చూసిన క్షణంలో అది నాకు తెలిసిపోయింది, నిన్నా మొన్నా ఎప్పుడో చూసినట్టే ఉంది.

ఆమె మళ్ళీ మూసింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ నాకు రాలేదు. చెయ్యి తీస్తే మళ్ళీ అదే. ఎన్నిసార్లు మూసినా ముందు చీకటి, తీశాక తెలిసిన ముఖం. ఎన్ని వేలమంది నాడి పట్టుకుని చూసిందో ఆ చెయ్యి, ఇంజక్షన్ ఇచ్చేటప్పుడు కూడా బెదరని చెయ్యి, తెర మీద చెమట మరక వదలడం చూశాను.

"మావయ్య గారిని కూడా ఇలాగే అడిగేదాన్ని" అంది. "తలుపు కొడుతున్నారు మావయ్యా, ఎవరో చెప్పండి అని. తీసేదాకా చెప్పేవాళ్ళు కాదు. తీశాక, వీడే, నిన్న కూడా వీడే వచ్చాడు అనేవాళ్ళు."

నాకు భయం వేసింది. సోమవారం వేసిన భయం వేరు, దానికి ఎదురుతిరిగి నవ్వడానికి ఏదో ఒకటి దొరికింది. దీనికి దొరకలేదు.

"ఎప్పట్నించి?" అని అడిగింది.

నిన్నటినుంచి అని చెప్పబోయాను. నిజంగానే అంతే అనుకున్నాను. కానీ ఆమె ముఖం చూస్తుంటే ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. కొత్తగా వచ్చిన పాస్టరు గారు పాత ప్రసంగాలే తిప్పి చెబుతున్నారని సంఘంలో కనీసం నలుగురితో వెటకారమాడాను. ఆయన ఏ ప్రసంగమూ తిప్పలేదు. పక్కింటివాళ్ళ పాపాయిని మొదటిసారి చూసి, మొన్నటికంటే ఒళ్ళు చేసిందన్నాను. వాళ్ళు నేను ముద్దుగా అన్నాననుకున్నారు. ఫోన్లో ఎవరో చేస్తుంటే చూసి నా భార్య పనసపొట్టుతో కొత్త కూరేదో చేస్తే, మొన్న కూడా ఇదే పెట్టావు కదా అన్నాను. ఆ రోజు ఆమె కంచం ముందునుంచి లేచిపోయింది.

ఆమెకూ ఆ కూరే గుర్తొచ్చినట్టుంది. "ఆ రోజు నాకు మీ మీద కోపం వచ్చింది" అంది. "కోపం తెచ్చుకోకుండా ఉండాల్సింది." కొంగుతో తెర మీద చేతి తడి తుడిచింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. "రేపు బెజవాడ పోదాం" అంది.

ఫోను, కంప్యూటరు, మిత్రుడి గొంతు, మూడు లైన్లు పెట్టి ఒకదానితో ఒకటి పోల్చి చూసుకున్నాను. ఆ మూడూ వచ్చి చేరేది నా తలలోకే. దాన్ని పక్కన పెట్టి పోల్చడానికి నా దగ్గర రెండో తల లేదు, ఆమె ఉంది. ఆ రోజు రేట్లు చూడటం ఆపేశాను. తెర ఆమే ఆపింది.

బుధవారం పొద్దున బస్సెక్కాం. కిటికీ పక్కన నన్ను కూర్చోబెట్టింది. దారంతా ఏవో అడుగుతూనే ఉంది. ఈ ఊరు ఏంటండీ అంటే ఎ.కొండూరు అన్నాను. ఆ మలుపులో ఎవరి తోట అంటే చెప్పాను. మా పెద్దమ్మాయి ఏ నెలలో పుట్టింది, మనం మొదట అద్దెకున్న ఇంటికి ఎన్ని గదులు, అన్నిటికీ సరిగ్గా చెప్పాను. ప్రతి జవాబుకీ తల ఊపుతోంది గానీ ఆమె ముఖంలో నీడ కదలలేదు. అవి అసలు ప్రశ్నలు కావని ఆమెకూ తెలుసు. మా నాన్న కూడా ఇవన్నీ తప్పు లేకుండా చెప్పేవాడు.

మైలవరం దాటాక రోడ్డు పక్కన కొత్త హోటలొకటి తెరుస్తున్నారు. షట్టరుకి బంతిపూల దండ కడుతున్నారు. నిచ్చెన మీద ఒకడు నీలం లుంగీ కట్టుకుని బోర్డు మీద అక్షరాలకు రంగు నింపుతున్నాడు. సగం అక్షరాలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. బస్సు అక్కడ కాసేపు ఆగింది.

"అది ఇంతకు ముందెప్పుడన్నా చూశారా?" అంది నా భార్య. ఈసారి నా వైపు చూడకుండా, టికెట్లు మడుస్తూ అడిగింది.

చూశాను. నిచ్చెన తెలుసు. లుంగీ తెలుసు. ఖాళీగా ఉన్న అక్షరాల్లో ముందు దేనికి రంగు వేస్తాడో తెలియదు గానీ, వాడు కుంచె ముంచి ఒకదాని మీద పెట్టగానే, అదే అని తెలిసింది. వాడి మోచేతి మీదికి జారిన రంగు చుక్క కూడా నాకు పాతదే. నిన్ననే ఇక్కడ ఆగి, ఇదే కిటికీలోంచి, ఇదంతా చూసి వెళ్ళినట్టుంది.

"లేదు" అన్నాను. "కొత్తగా పెడుతున్నారుగా. ఎక్కడ చూస్తాను?"

ఆమె పట్టుకున్న ఊపిరి వదిలింది. "అయితే అంతగా ముదరలేదులెండి. మందులకి ఆగుద్ది" అంది. బస్సులో నలుగురూ ఉన్నారని కూడా చూడకుండా నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. కొండపల్లి వచ్చేలోగా నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. పెళ్లైనప్పటినుంచి ఆమెతో ఎన్ని అబద్ధాలు ఆడానో, అన్నిటినీ పట్టుకుంది. అదొక్కటే నమ్మింది.